ఇస్సాకుకు తెలుసన్న లేయమ్మ

గుండ్లకమ్మ ఏడాది పొడుగునా పారిన కాలమది. ఎప్పుడని అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఆ ఏటిగట్టున ఒక పేట, పేటలో ఒక క్రీస్తు గుడి, గుడికి ఒక అయ్యగారు. పేరు సీమోను. ఎవరేం చెప్పినా మూడుసార్లు అడిగిగాని నమ్మేవాడు కాదు.

అదే పేటలో లేయమ్మ అనే ముసలామె. తంగేడు చెక్క నీళ్లలో తోళ్లు నానబెట్టి పదును చేయడం ఆమె పని.

ఒక ఆదివారం అయ్యగారు ఇస్సాకు కథ చెప్పాడు. చూపు పోయిన ఇస్సాకు పెద్దకొడుకు ఏశావును దీవించాలనుకున్నాడు. ఏశావు ఒళ్లంతా వెంట్రుకలు. చిన్నవాడు యాకోబు చేతులకు మేకపిల్లల తోళ్లు చుట్టుకొచ్చి, నేనే ఏశావునని చెప్పి దీవెన పట్టుకుపోయాడు. దీనికి పండితులు మూడు అర్థాలు రాశారట. ఆ తోలు మన పాపాలు పైన కప్పుకున్న క్రీస్తుకు గుర్తని ఒక పండితుడు. ముసలాయనకు మతి తప్పిందని ఇంకొక పండితుడు. ఇద్దరు చెప్పిన రెండు కథలను కలిపి కుట్టారని మూడో పండితుడు.

లేయమ్మ లేచింది. "ముగ్గురిలో ఒక్కరైనా పచ్చితోలు పట్టుకున్నారా అయ్యా? ఇస్సాకుకు తెలుసు. తెలిసే దీవించాడు."

అయ్యగారికి అనుమానం పుట్టింది. పితరుడైన ఇస్సాకు తెలిసీ తెలియనట్టు నటించాడంటే ఆయన్ని దొంగను చేసినట్టే కదా. ఈమెకిది ఎవరు నూరిపోశారు? మాట వెనక్కి తీసుకునేదాకా రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నాడు. పేటకు అయ్యగారు వచ్చేదాకా ఆ రొట్టెముక్క కోసం లేయమ్మ ముప్పై ఏళ్లు ఎదురుచూసింది. అందుకున్నది మూడుసార్లే.

మొదటి ఆదివారం అడిగాడు. ఇస్సాకుకు తెలుసంది. రెండో ఆదివారం అడిగాడు. తెలుసంది, వాకిట్లోనే కూర్చుంది. మూడో ఆదివారం చేటలో తోళ్లు తెచ్చి, కళ్లకు గంతలు కట్టుకోమంది.

ఆమె కడితే సందు వదులుతుందేమోనని తన కండువా తానే బిగించుకున్నాడు అయ్యగారు. లేయమ్మ ముగ్గురిని వరసగా నిలబెట్టి, ఇద్దరి చేతులకు తోళ్లు చుట్టింది. మొదటి చెయ్యి తడిమి, మనిషిదన్నాడు. రెండోది తడిమి, చెప్పుల తోలన్నాడు. మూడోది తగలగానే చెయ్యి లాక్కున్నాడు.

"మేక. పచ్చితోలు, అవతల పెట్టు."

జనం పగలబడి నవ్వారు. అయ్యగారు నవ్వలేదు.

"ఏశావు రాగానే ఇస్సాకు గడగడ వణికాడని రాసుందే. తెలిసినవాడు ఎందుకు వణుకుతాడు?"

లేయమ్మ ఆయన చేతిలోని పుస్తకం వైపు వేలు చూపింది.

"నేను మోసపోయానన్న మాట ఆయన నోట ఉందేమో చూడండయ్యా."

అయ్యగారు మూడుసార్లు చదివాడు. నీ తమ్ముడు కపటంతో వచ్చాడని ఉంది. నేను మోసపోయానని లేదు.

"తెలియనివాడైతే కోప్పడేవాడు. ఇచ్చింది లాక్కునేవాడు. పెద్దోడు ఎదురుగా ఏడుస్తుంటే, చేసింది తనేనని వణికాడయ్యా."

అయ్యగారు పుస్తకం మూశాడు. "నా అనుమానం తీరలేదు. అయినా లోపలికి రా," అని రొట్టె విరిచి ఇచ్చాడు.

ఆమె కన్నుమూసేముందు తలమీద చెయ్యిపెట్టమని ఆయన్నే పిలిపించుకుంది. నేనెవరో తెలుసా అని అడిగింది.

"లేయమ్మవు. మొండిదానివి. నాతో వాదులాడినదానివి. ఎరిగే దీవిస్తున్నాను."

ఈనాటికీ ఆ పేటలో పెద్దలు ఊరికే తలమీద చెయ్యిపెట్టరు. ముందు చెయ్యి పట్టుకుని పేరు అడుగుతారు. "నువ్వెవరో ఎరిగే దీవిస్తున్నాను" అంటారు. ఆ మాట అనలేనివాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.