పులుపు పడని గట్టు

వంటింటి గట్టు మీద మొదటి మచ్చ కనబడ్డ రోజు సిద్ధలింగానికి అన్నం సయించలేదు.

ఆత్మకూరు దాటాక నల్లమల మొదలయ్యేచోట రేవణస్వామి ఆశ్రమం ఉంది. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి కాలినడకన శ్రీశైలం పోయే భక్తులు ఆ దారినే పోతారు. అడవిలో అడుగుపెట్టే ముందు వాళ్ళు కడుపునిండా తినేది అక్కడే. మిగతా రోజుల్లో ఆశ్రమం కునుకు తీస్తున్నట్టు ఉంటుంది. ఆ కొద్దిరోజులు మాత్రం వంటిల్లు పెళ్ళివారిల్లు అయిపోతుంది.

ఆ వంటింటి పెత్తనం సిద్ధలింగానిది. వండేది ఓబుళమ్మ, ఆమెకు తోడు కొందరు ఆడవాళ్ళు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ పనంతా నేల మీదే. కూర్చునే తరగాలి, కూర్చునే నూరాలి, కూర్చునే వడ్డన గిన్నెలు నింపాలి. ఓబుళమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. లేవాలంటే గోడ పట్టుకుని, "శివా" అనుకుని, సగం లేచి కాసేపు అక్కడే ఆగేది. అది చూసి చూసి మనసాగక సిద్ధలింగమే స్వామి దగ్గరికి వెళ్ళాడు. నిలబడి పని చేసుకునేటట్టు ఒక గట్టు కట్టిద్దామన్నాడు. స్వామి కట్టించమన్నాడు.

ఆ ఒక్కమాటతో సిద్ధలింగానికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎర్రగుంట్ల దాకా తానే పోయి కడప బండ ఎంచుకొచ్చాడు. వంటిళ్ళలో ఆ బండను సాధారణంగా గరుకుగానే వేస్తారు. ఇతనికి అది నచ్చలేదు, పాలిష్ పట్టించాడు. గోడ పొడవునా నడుమెత్తున వేయించి, నూనె రాసి తుడిస్తే గట్టు నల్లగా నిగనిగలాడింది. వంగి చూస్తే ముఖం కనబడేది. ఆశ్రమంలో చేరాక అద్దం ముట్టని మనిషి, పాపం, ఏదో ఒక వంకతో గట్టు మీదికి వంగుతూనే ఉన్నాడు.

ఇంత అందమైన గట్టుకు దిష్టి తగలదా? నిమ్మకాయ అడ్డంగా కోసి, కుంకుమ అద్ది, గట్టుకు ఆ కొసన ఒక చెక్క, ఈ కొసన ఒక చెక్క తన చేత్తోనే బోర్లించాడు. మర్నాడు పొద్దున తీసి చూస్తే వాటి కింద తెల్లగా, గుండ్రంగా రెండు మచ్చలు. ఎవరి కళ్ళూ పడకముందే దిష్టి నిమ్మకాయ రూపంలో వచ్చి కూర్చుంది.

సిద్ధలింగం తడిబట్టతో తుడిచాడు. పోలేదు. కొబ్బరిపీచుకు బూడిద అద్ది తోమాడు. మచ్చలు పోలేదు సరికదా, వాటి చుట్టూ సన్నటి గీతలు లేచాయి. మేస్త్రీకి ఫోన్ చేస్తే, ఆ రాయి మెత్తనిదని, పులుపు తగిలితే మెరుపు పోతుందని, గిన్నె జరిపితే గీత పడుతుందని, పాలిష్ పట్టినందువల్ల అదంతా మరీ ఎత్తి చూపినట్టు కనబడుతుందని చెప్పాడు. మరేం చెయ్యాలంటే, వంటగట్టన్నాక వండుకోమని ఫోన్ పెట్టేశాడు.

వండుకోవడం ఒక్కటి తప్ప సిద్ధలింగం అన్నీ చేశాడు. గట్టు మీద చాకు పెట్టకూడదన్నాడు. చింతపండు, పెరుగు, నిమ్మకాయ దాని దరిదాపులకు రాకూడదన్నాడు. ఏ గిన్నె పెట్టినా కింద గుడ్డ ఉండాలన్నాడు. గుడ్డలు జరుగుతున్నాయని గోనెసంచులు పరిపించాడు. గోనెసంచి గరుకని దాని కింద దుప్పటి వేయించాడు. ఆఖరికి యాత్రికుల కోసం దాచిన బొంతలు కూడా గట్టెక్కాయి.

వంటింట్లో ఆడవాళ్ళు ఊరుకుంటారా? గట్టు బాలింతలాగా ఉందని, పులుపు పడదని, కప్పిన దుప్పటి తీయకూడదని నవ్వుకున్నారు. సిద్ధలింగం అటు వస్తే ఒకరు, "నెమ్మదిగా మాట్లాడండమ్మా, ఇప్పుడే కన్నంటుకుంది," అనేవారు. అతను ముఖం ముడుచుకుని పోయేవాడు.

అతని ఆరాటం వేరే ఉంది. రేవణస్వామి మామూలుగా వంటింట్లోకి రాడు. ఏటా నడక భక్తుల మొదటి పంక్తి కూర్చున్నాక ఒక్కసారి వస్తాడు. వేడి సంకటి చిన్న ముద్ద అరచేతిలో పెట్టించుకుని, పులుసు పోయించుకుని తిని, "ఊ" అంటాడు. ఆ మాట పడితేనే బయట వడ్డన మొదలయ్యేది. ఎవరు పెట్టారో తెలియదుగాని, ఆశ్రమంలో అది తప్పని ఆచారం. ఆ రోజు స్వామి కళ్ళకు గట్టు కొత్తగా కనబడాలి, బాగుందిరా అనాలి. సిద్ధలింగానికి కావలసింది అంతే. ఆ ఒక్కమాట కోసం నిద్రలో కూడా బొంతలు సర్దుతున్నాడు.

భక్తులు ఇంకా రాకముందు ఒకనాడు ఓబుళమ్మ సంకటి తపేలా దించింది. పట్టుకున్న గుడ్డ జారి చెయ్యి కాలింది. ఎదురుగా గట్టు కనబడితే దాని మీద పెట్టేసింది. తపేలా బరువుకు బొంత పక్కకు పోయి, అడుగు బండకు తగిలి సర్రున జారింది. ఆ పక్క నుంచి ఈ పక్కకు జెర్రిపోతులాగా తెల్లటి గీత.

సిద్ధలింగం పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె చెయ్యి చూడలేదు, గీత చూశాడు.

"ఇది మీ ఇంటి అరుగు అనుకున్న్యావా అవ్వా, ఇష్టమొచ్చినట్లు పెట్టనీకి?" అన్నాడు అందరి ముందూ.

ఓబుళమ్మకు ఇల్లు లేదు. మొగుడు పోయిన ఏడాదే ఉన్న కొట్టం బావగారి పాలైంది, అప్పటి నుంచి ఈ వంటిల్లే ఇల్లు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. సిద్ధలింగానికి మరీ బాగా తెలుసు. అతను చలిజ్వరంతో వచ్చి ఆశ్రమం గేటు దగ్గర పడిపోయినప్పుడు గంజి తాగించి లేపింది ఆమే.

ఓబుళమ్మ కాలిన చెయ్యి కొంగులో చుట్టుకుని, కత్తిపీట తీసుకుని వసారాలోకి పోయి నేల మీద కూర్చుంది. మర్నాటి నుంచి ఆమె పనంతా అక్కడే. సాయంత్రం స్వామి దగ్గరికి వెళ్ళి, నందికొట్కూరులో చెల్లెలు రమ్మంటోందని, నడక జనానికి ఒక్కపూట వండిపెట్టి వెళ్ళిపోతానని చెప్పింది. చెల్లెలి ఇంట్లో చెల్లెలికే చోటు లేదని స్వామికీ తెలుసు. ఎందుకని అడగలేదు. సరేనన్నాడు.

సిద్ధలింగానికి ఈ కబురు అందింది. నోరు జారినందుకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. వెళ్ళి ఒక్కమాట చెబుదామని వసారా దాకా పోయాడు కూడా. అక్కడ ఆమె గోడ పట్టుకుని లేస్తోంది. ఆమె పూర్తిగా లేచేదాకా నిలబడే ధైర్యం అతనికి లేకపోయింది. స్వామి వచ్చి చూసి పోయాక నిదానంగా చెప్పవచ్చులే అనుకుని, వెనక్కి వచ్చి గీత మీద నూనె రాశాడు.

భక్తులు వచ్చారు. కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని, భుజాల మీద కంబళ్ళతో, దుమ్ము కొట్టుకుపోయి వచ్చారు. కాళ్ళు కడుక్కుని వరసగా కూర్చున్నారు. విస్తళ్ళు పరిచారు, నీళ్ళు చల్లారు. వసారాలో ఓబుళమ్మ నేల మీద కూర్చునే గిన్నెలు నింపుతోంది. ఆమె పక్కన గోడ వారగా బట్టల మూట ఉంది.

స్వామి వంటింటి గడప దాటగానే సిద్ధలింగం బొంతలు లాగేశాడు. అప్పటికే మచ్చల మీద, గీత మీద నూనె పట్టించి ఉంచాడు గనక గట్టు తళతళలాడింది. స్వామి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"బాగుందిరా," అన్నాడు.

సిద్ధలింగానికి గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళూ పడ్డ పాట్లన్నీ ఎగిరిపోయినట్టు అనిపించింది. సంకటి ముద్ద తీసుకుని వచ్చి స్వామి ఎదుట నిలబడ్డాడు. స్వామి చెయ్యి చాపలేదు. కళ్ళతో గట్టు చూపించాడు.

"ఈడ పెట్టు."

"ఆకు తెస్తా సామీ."

"ఆకెందుకు? ఇంత బాగా తుడిచి పెట్టినావు గదా."

సిద్ధలింగం ముద్దను గట్టు మీద పెట్టాడు. పెట్టాడంటే, పెట్టీ పెట్టనట్టు వదిలాడు. స్వామి బొటనవేలితో ముద్ద నడుమ గుంట చేశాడు.

"పులుసు పొయ్."

సిద్ధలింగం గరిటె ముంచాడుగాని ఎత్తలేకపోయాడు.

"సామీ, చింతపండు పులుసు. ఈ బండకు పడదు."

"నాకు పడుతుంది," అన్నాడు స్వామి.

బయట పంక్తిలో మాటలు ఆగిపోయాయి. ఆకలితో ఉన్నవాళ్ళు తలలు వంటింటి వైపు తిప్పారు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది. వడ్డించేవాళ్ళు బకెట్లు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డారు. అందరూ స్వామి "ఊ" అనడం కోసం ఎదురుచూస్తుంటే, స్వామి సిద్ధలింగం గరిటె కోసం ఎదురుచూస్తున్నాడు. తొందరపెట్టలేదు, కసురుకోలేదు.

సిద్ధలింగం పోశాడు. గుంట నిండింది. స్వామి ఇంకా అన్నట్టు తల ఊపాడు. ఇంకో గరిటె పోశాడు. పులుసు ముద్ద మీది నుంచి పొర్లి బండ మీద నలువైపులా పారింది.

స్వామి నిలబడే తిన్నాడు. ఏటా మాదిరిగా రుచి చూసి వదల్లేదు. ముద్దంతా తిన్నాడు. పారిన పులుసును వేళ్ళతో దగ్గరికి తీసుకుంటూ, బండను అరచేత్తో ఊడ్చుకుంటూ తిన్నాడు. ఏ కొంచెం మిగలలేదు. అప్పుడు "ఊ" అన్నాడు. బకెట్లు కదిలాయి.

సిద్ధలింగానికి గురువు మీద కోపం వచ్చింది. ఆశ్రమానికి వచ్చాక అదే మొదటిసారి. బకెట్ అందుకుని పంక్తిలోకి వెళ్ళి వడ్డించాడు. ఎవరు ఏం అడిగారో, తాను ఏం వేశాడో అతనికే తెలియలేదు. తిరిగి వచ్చేసరికి గట్టు ఆరిపోయింది. చేటంత మచ్చ. తడిబట్ట తెచ్చి తుడిచాడు. బట్టను గట్టిగా అదిమి మళ్ళీ తుడిచాడు. మచ్చ కదల్లేదు. రాసిన నూనె మాత్రం బట్టకు అంటుకుని వచ్చేసింది, దాని కింద దాచిన గీత పైకి తేలింది.

గీత చివర అతని చెయ్యి ఆగింది. తపేలా జారింది ఇక్కడే. ఓబుళమ్మ చెయ్యి కాలి నిలబడింది ఇక్కడే. తాను ఆ మాట అన్నదీ ఇక్కడే నిలబడి. ఈ గట్టు వచ్చాక ఆమె దీని ముందు ఒక్కపూటైనా స్థిమితంగా నిలబడి పని చేసిందా అని వెతుక్కున్నాడు. గుర్తు రాలేదు. కోపం ఎటు పోయిందోగాని, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది.

స్వామి పెరట్లో కొళాయి కింద చెయ్యి కడుక్కుంటున్నాడు. సిద్ధలింగం వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పయింది సామీ," అన్నాడు.

స్వామి చేతులు దులుపుకున్నాడు.

"నాతో ఎందుకు చెప్తాండావురా? నాకు మోకాళ్ళ నొప్పులు లేవే," అని తన గదివైపు వెళ్ళిపోయాడు.

మొదటి పంక్తి లేస్తుండగానే రెండో గుంపు గేటు దాటింది. సంకటి ఉంది, పులుసు ఉంది, వేరుశనగలు, చింతపండు కలిపి నూరే ఊరుబిండి మాత్రం అయిపోయింది. ఎవరో వసారాలోకి కేకేసి చెప్పారు. ఓబుళమ్మ అప్పటికి మూట చేతికి తీసుకుని, గోడ పట్టుకుని సగం లేచి ఉంది. కేక విని మూట కింద పెట్టింది. మళ్ళీ రోటి ముందు కూర్చోవడానికి వంగబోయింది.

ఆమె కంటే ముందు సిద్ధలింగం వంగాడు. రోలు చిన్నదేగాని రాతిది, బరువు. రొమ్ముకు ఆనించుకుని లేపి, వంటింట్లోకి మోసుకొచ్చి, గట్టు మీద దించాడు. ధన్‌మని చప్పుడైంది. ఆడవాళ్ళు పనులు ఆపి చూశారు. దించినచోట వెలుతురు లేదు. రెండు చేతులా పట్టి రోలును కిటికీ దాకా లాగాడు. బండ కీచుమంది. ఒక్కరూ నవ్వలేదు.

ఓబుళమ్మ గోడ వెంట మెల్లగా నడిచి వచ్చింది. కొత్తగా పడ్డ చార చూసింది.

"గీత పడె గదా నాయనా," అంది.

సిద్ధలింగం రోలును ఇంకొంచెం ఆమె వైపు జరిపాడు.

"ఎత్తు సరిపోయిందా అవ్వా?" అన్నాడు.

ఓబుళమ్మ కొంగు నడుముకు దోపుకుని, గట్టుకు ఆనుకుని నిలబడి, చింతపండు ఇట్లియ్యమంది.