ఆనప తీగ వేళ్లు ఎందుకు వంగాయి

ఒకప్పుడు తీగల వేళ్లు, అంటే మట్టిలోని వేర్లు కాదు, ఆకు పక్కన వచ్చే నులితీగలు, చీపురు ఈనెల్లా నిటారుగా ఉండేవి. ఆ రోజుల కథ ఇది. ముందే చెబుతున్నాను పిల్లలూ, ఏది ముందు జరిగిందో ఏది తరవాత జరిగిందో నేను కాస్త అటూ ఇటూ చేయవచ్చు. పాదు తవ్వాక గింజ నానేసిందా, గింజ నానేశాక పాదు తవ్విందా అని ఒక పూటంతా ఆలోచించాను. గింజే ముందు. కానీ గింజకన్నా ముందు ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర మొదలుపెడతాను.

అక్క పేరు సూరమ్మ. చెల్లెలు గవరమ్మ. ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది. వాళ్లకో చిన్న ఇల్లు, ఇంటి వెనక ఇంకా చిన్న పెరడు.

చలి తగ్గి, మధ్యాహ్నం గాలి కాస్త వేడెక్కిందంటే చాలు, ఇద్దరూ పెరట్లో దిగేవారు. ఒకరు గునపంతో తవ్వితే ఒకరు పెళ్లలు చితక్కొట్టేవారు. బెండ గింజలు నాటేటప్పుడు సాలు వంకర పోకుండా తాడు ఒక కొస అక్క పట్టుకునేది, రెండో కొస చెల్లెలు పట్టుకునేది.

"తాడు లాగి పట్టుకోవే, నిద్రపోతున్నావా?" అనేది అక్క.

"నువ్వు సాగదీసి సాగదీసి పొరుగూరిదాకా తీసుకుపోతావు సాలుని!" అనేది చెల్లెలు.

ఆ పెరట్లో ఎప్పుడూ ఇలా మాటలు వినపడుతూనే ఉండేవి.

ఒక ఏడు మాఘమాసం చలిలో సూరమ్మ మంచం పట్టింది. మళ్లీ లేవలేదు.

చలి పోయింది. మామిడి పూసింది. గవరమ్మ పార తీసుకుని పెరట్లోకి వచ్చింది. తాడు ఒక కొస పాతిన కర్రకు కట్టింది. రెండో కొస చేతిలో పట్టుకుని నిలబడింది. కర్ర ఏమీ అనలేదు. బెండ సాలు ఆ ఏడు తిన్నగా వచ్చింది. ఎవరితోనూ పోట్లాట లేకుండా వచ్చిన ఆ తిన్నని సాలుని చూస్తే గవరమ్మకు తవ్వబుద్ధి కాలేదు. పార అక్కడే పడేసి లోపలికి పోయింది.

ఇప్పుడు గింజ సంగతి. ఆనపకాయ తెలుసుగా, కొందరు సొరకాయ అంటారు. విత్తనానికి ఉంచిన కాయను బాగా ఎండనిచ్చి, గింజలు అందులోనే ఉంచి, పొయ్యి మీద చూరుకు కట్టేవారు. రోజూ పొగ తగులుతుంటే గింజకు పురుగు పట్టదు. కానీ సూరమ్మ మంచం పట్టినప్పుడు ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. వెలిగించాలన్న ధ్యాస ఎవరికుంది?

గవరమ్మ చూరుకున్న ఆ ఎండుకాయ బుర్రను దించి పగలగొడితే లోపలినుంచి పిండి రాలింది. గింజలన్నీ పురుగు తినేసింది. మిగిలినవాటిని నీళ్లలో వేసి చూసింది. అన్నీ తేలాయి. ఒకే ఒక్కటి మునిగింది.

"నువ్వొక్కదానివే మిగిలావటే?" అంది గవరమ్మ ఆ గింజతో. "సరే. నాలాగే."

చివికిన ఎరువు వేసి పాదు తీసింది. నానిన గింజను నాటింది. కోళ్లు గెలకకుండా మీద ముళ్లకంప కప్పింది. పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు పోసింది. ఆ గింజ మొలిస్తే కాయ. కాయ ముదిరితే మళ్లీ గింజలు. మొలవకపోతే అక్క చేతి విత్తనం ఆ ఇంట్లో ఇక లేనట్టే. చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆనప గింజ లేదు. అప్పట్లో అది వాళ్ల పెరట్లోనే పండేది.

గింజ మొలిచింది. ఆగండి, బూడిద సంగతి మరిచిపోయాను. మొలక రెండాకులు వేయగానే ఎర్ర పెంకుపురుగులు వచ్చి ఆకుల్ని జల్లెడ చేస్తాయి. అందుకని గవరమ్మ పొయ్యిలో బూడిద తెచ్చి, మంచు ఆరకముందే ఆకుల మీద చల్లింది. పురుగులు తుమ్ముకుంటూ పోయాయి.

తీగ సాగింది. అప్పట్లో పందిళ్లు లేవు. తీగలకు ఏదీ పట్టుకోవడం రాదు కదా, నేల మీదే పాకేవి. ఆకు ఆకుకీ పక్కన సన్నటి వేళ్లు వచ్చాయి. అన్నీ నిటారుగా, బిర్రుగా.

ఒకనాడు తెల్లపువ్వు వెనక పిందె కనిపించింది. చిటికెన వేలంత, ఒళ్లంతా నూగు. గవరమ్మ చూసి, నీళ్లు పోసి, వెళ్లిపోయింది. సాయంత్రానికి పిందె పసుపుపచ్చబడింది. మర్నాడు రాలిపోయింది.

ఇంకో పిందె వేసింది. అదీ రాలింది. ఆ తరవాతదీ అంతే.

గవరమ్మకు కోపం వచ్చింది. గోడ మీద తోక ఊపుకుంటూ కూర్చున్న ఉడతను నిలదీసింది.

"ఓయ్, నీ పళ్ల పనేగా ఇది?"

"రామ రామ!" అంది ఉడత. "జామచెట్టు అక్కడుండగా ఈ నూగు పిందె నాకెందుకవ్వా? కొరికితే మీసాలన్నీ బంక."

గవరమ్మ గాలిని అడిగింది. "నువ్వేనా రాల్చింది?"

"నేల మీద పాకేదాన్ని నేనేం చేయగలను? తలంతా వంచుకుని రావాలి. నా నడుము పడిపోదూ?" అంది గాలి.

రాలిన పిందెను మోసుకుపోతున్న చీమల్ని అడిగింది.

"మేం వచ్చేసరికే పడి ఉందవ్వా," అన్నాయి చీమలు. "పడిందాన్ని మోయడమే మా పని. పడగొట్టే ఓపిక మాకెక్కడిది? దారి వదులు, బరువుగా ఉంది."

గవరమ్మ పాదు పక్కన కూలబడింది. ఎండలు ముదురుతున్నాయి. తీగ కింది ఆకులు అప్పుడే ఎండుతున్నాయి. ఇక ఎన్నాళ్లు కాస్తుంది?

ఉడత గోడ దిగి దగ్గరికి వచ్చింది. "ఒక మాట చెబితే తిట్టవుగా? రేపు పొద్దున నువ్వు రాగానే చెంబు వంక కాదు, తీగ వంక చూడు. అది ఏం చేస్తుందో చూడు."

మర్నాడు గవరమ్మ గడప దాటింది. అడుగుల చప్పుడు వినగానే తీగ గబగబా కదిలింది. వేళ్లన్నీ ఒక్కసారిగా చాచింది. ఆ పక్క వేలు, ఈ పక్క వేలు, అన్నీ నిటారుగా ఒకేచోటికి గురిపెట్టింది. అక్కడ ఆకు నీడలో అప్పుడే పుట్టిన పిందె ఉంది.

గవరమ్మ చేతిలో చెంబు జారిపోయింది.

"ఏం చేస్తున్నావే?"

"చూపిస్తున్నానవ్వా!" అంది తీగ సంబరంగా. "నీకే! రోజూ చూపిస్తున్నాను, నువ్వే చూడట్లేదు. నువ్వు ఎవరితోనూ మాట్లాడవు. నవ్వవు. పిందెను చూస్తే నవ్వుతావేమోనని."

గవరమ్మ జారిన చెంబు తీసి పక్కన పెట్టింది. ఎలా చెబుతుంది? అంత ప్రేమగా చాచిన వేళ్లవల్లే పిందెలు పోయాయని ఎలా చెబుతుంది?

చివరకు మెల్లగా అంది. "పిందెకు వేలు చూపకూడదే తల్లీ. రాలిపోతుంది."

తీగ ఆకులన్నీ ఒక్కసారి వాలిపోయాయి. "అయితే... అవన్నీ నేనేనా?"

"నీకు తెలియదుగా. చెప్పేవాళ్లు లేరు. చెప్పాల్సింది నేను, నేనేమో నోరు మూసుకు కూర్చున్నాను."

"మరి మీరు ఎట్లా చూపించుకునేవారు? నీకు ఎవరూ చూపించలేదా?"

"మా అక్క చూపించేది. వేలు ఇట్లా మడిచి, కణుపుతో." గవరమ్మ చూపుడు వేలు కొక్కెంలా వంచింది. "పసిపిందె కదా, తిన్నగా గురిపెడితే బెదిరిపోతుంది. వంచిన వేలైతే దాన్ని ఏమీ అనదు. చెల్లీ, అదిగో చూశావా అనేది. నేను ముందే చూసి ఉండేదాన్ని. అయినా చూడనట్టు, ఏదీ ఏదీ అనేదాన్ని."

"మీ అక్క ఏదీ?"

"లేదు."

ఆనాటి పిందె కూడా సాయంత్రానికి పసుపుపచ్చబడింది.

మర్నాడు తీగే అడిగింది. "నాకు వంచడం నేర్పవూ? కానీ నా వేళ్లకు కణుపులు లేవు."

"కణుపు లేకపోతే ఏం? మెత్తగానే ఉన్నాయిగా."

గవరమ్మ తన చూపుడు వేలు తీగ వేలి పక్కన పెట్టింది. "నా వేలిని చుట్టుకో. మెల్లగా. తొందరేమీ లేదు."

తొందర ఉంది, అది ఇద్దరికీ తెలుసు. తీగ చివర ఇక పిందె వేసే ఆడమొగ్గ ఒకే ఒక్కటి మిగిలింది. అది విచ్చేలోపు నేర్చుకోవాలి.

గవరమ్మ మిగతా పనులు వదిలేసింది. బెండ సాలులో కలుపు మోకాలెత్తు పెరిగింది. కోడి వచ్చి తోటకూర మడి గెలికి పోయింది. ఆమె లేవలేదు. పాదు పక్కన పీట వేసుకుని, ఒక వేలి తరవాత ఒక వేలికి తన వేలు ఇస్తూ కూర్చుంది. ఊరికే కూర్చోలేక మాట్లాడేది. అక్క తాడు ఎట్లా లాగేదో చెప్పేది. అక్క ఉప్పెక్కువ వేసి, ఆనపకాయే ఉప్పగా ఉందని ఎట్లా బుకాయించేదో చెప్పేది. తీగ ఆకులాడిస్తూ వినేది.

మొదట్లో తీగ వేళ్లు వంగబోయి టక్కున లేచేవి. గవరమ్మ విసుక్కునేది. "నీకంటే మా ఇంటి తలుపు గొళ్లెం నయం, చెప్పినట్టు వంగుతుంది!"

"తలుపు గొళ్లేనికే నీళ్లు పోసుకో పో," అనేది తీగ.

క్రమంగా ఒక వేలు సగం వంగింది. తరవాత ఉంగరంలా తిరిగింది.

ఒక సాయంత్రం ఆఖరి మొగ్గ విచ్చింది. తెల్లవారేసరికి దాని వెనక పిందె నూగుతో మెరుస్తోంది.

గవరమ్మ గడపలో ఆగిపోయింది. కాలు ముందుకు పడలేదు. అడుగుల చప్పుడు వింటే ఆ తీగ సంబరం ఆపుకోగలదా? వెనక్కి పోదామా అనుకుంది. కానీ పోతే తీగ ఎంత ఎదురుచూస్తుందో! ఉడత గోడ మీద తోక కదపకుండా కూర్చుంది. గాలి ఆగింది.

ఆమె వచ్చింది. తీగ వణికింది. వేళ్లన్నీ చాచబోయి, ఆగి, ఒక్కటొక్కటిగా ముడుచుకుంది. ఒక్క వేలిని మాత్రం, ఉంగరంలా చుట్టి, పిందె వైపు కొద్దిగా కదిపింది.

"అవ్వా. అదిగో, చూశావా?"

"ఏదీ? ఏదీ?" అంది గవరమ్మ.

అని నవ్వింది. మాఘం తరవాత ఆ పెరట్లో నవ్వు వినపడడం అదే. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

పిందె సాయంత్రానికి పచ్చగానే ఉంది. మర్నాడూ పచ్చగానే ఉంది. బొటనవేలంత అయింది, చెంబంత అయింది.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. ఒకరోజు మాట్లాడి మాట్లాడి గవరమ్మ లేవబోతే వేలు రాలేదు. తీగ గట్టిగా చుట్టుకుంది.

"వదలవే. చీకటి పడుతోంది. వంట చేసుకోవాలి."

"వదలను. లోపల ఎవరూ లేరని నువ్వే చెప్పావు. ఒక్కదానివే పోయి ఏం చేస్తావు?"

గవరమ్మ రెండో చేత్తో తీగను నిమిరింది. తరవాత చెప్పింది. "పొయ్యి వెలిగిస్తాను. అది వెలగకపోతే ఏం జరిగిందో చూశావుగా. ఈ కాయ ఎండాక దాని గింజలకు పొగ తగలాలి. నేను పోవాలి తల్లీ."

పక్కన కందికట్టెల మోపులోంచి ఒక పుల్ల విరిచి పాదులో గుచ్చింది. తన వేలు మెల్లగా విడిపించుకుని, ఆ చోట పుల్లను ఉంచింది.

"ఇదే నా వేలు అనుకో."

తీగ తడిమి చూసింది. దానికి వెచ్చదనం లేదు, ముడతలు లేవు. అది అవ్వ వేలు కాదని తీగకు తెలుసు. అయినా చుట్టుకుంది. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఆ పుల్ల చివరిదాకా ఎక్కి, అక్కడ ఇంకో వేలు చాచి గాలిలో తడిమింది. గవరమ్మ ఇంకో పుల్ల కట్టింది. అలా తీగ మొదటిసారి, కాయతో సహా, నేల వదిలి పైకి లేచింది. పుల్ల మీదినుంచి గోడకు, గోడ మీదినుంచి ఇంటి కప్పుకు ఎక్కింది. చూరు దాటి, పొగ వచ్చే చోట ఆగింది. కాయ కిటికీ ముందు వేలాడింది. గాలి వీచినప్పుడల్లా గోడకు తగిలి చిన్న చప్పుడు చేసేది. వంట చేసుకుంటూ గవరమ్మ "ఆ, వింటున్నాను" అనేది.

కాయ ముదిరింది. పొగలో ఎండింది. మరుసటి ఏడు గింజలన్నీ నీళ్లలో మునిగాయి. గవరమ్మ అడిగినవాళ్లకల్లా గింజలు ఇచ్చింది, గింజతోపాటు ఒక కందిపుల్ల కూడా ఇచ్చింది. ఆనప తీగను చూసి బీర నేర్చుకుంది. బీరను చూసి కాకర, కాకరను చూసి పొట్ల.

అప్పటినుంచే పాదు తీగల వేళ్లు ఉంగరాలు తిరిగి ఉంటాయి. అప్పటినుంచే అవి గాలిలో తడుముకుంటూ, పుల్ల తగిలితే పుల్లను, తాడు తగిలితే తాడును, ఏదీ తగలకపోతే తమను తామే చుట్టుకుంటాయి.

అనసూయా, నేను రాసిన ఈ కథ పిల్లలకు చదివి వినిపించే ముందు ఇందులో పేర్లు ఒకసారి చూడమ్మా. మీ అమ్మ కూడా ఈ కథ చెప్పేది నీకు. సూరమ్మ అక్క, గవరమ్మ చెల్లెలు అనే రాశాను. తారుమారైతే దిద్దు. పోయినామె పేరు ఉన్నామెకు పెట్టానేమోనని భయంగా ఉంది.