నక్క వైద్యుడి ముళ్ళకంప

ఊరి చివర పశువుల కొట్టం, దాని వెనకే కాలవగట్టు. మోకాలెత్తు గరిక, వరసగా కానుగ చెట్లు, మండు వేసవిలోనూ చల్లటి నీడ. కొట్టం నుంచి గట్టుకు ఒకటే సందు. ఆ సందుకు నక్క గవరయ్య ముళ్ళకంప అడ్డం పెట్టాడు.

"గట్టు మీది గాలిలో వాతం పుట్టింది. అటు పోతే కీళ్ళు పట్టేస్తాయి. నా మాట విని కొట్టంలోనే పడుండండి," అన్నాడు. తను వైద్యుణ్ణని తనే చెప్పుకునేవాడు. కాదనడానికి ఇంకో వైద్యుడు లేడు, నమ్మేవాళ్ళు మాత్రం కొట్టం నిండా ఉన్నారు.

గేదె సింగారి కూడా నమ్మింది. పొద్దంతా నిలబడ్డచోటే నెమరేసింది. రాను రాను మోకాళ్ళు బిగుసుకుపోయాయి. నిద్ర లేదు, మేత సయించదు. పాలు తగ్గిపోయాయి. ఆకలేసి దూడ వట్టి పొదుగును కుమ్ముతుంటే సింగారి గుండె చెరువైంది.

"చూశావా అక్కా, ఆ పాడు గాలి కంప దాటి ఇటే వచ్చేసింది! ఈ రోగం పైకి కనపడదు, లోపల ముదురుతుంది. నేనిచ్చే వేపనీళ్ళు ఇంకాసిని తాగు," అన్నాడు గవరయ్య.

తాగింది. నాలుక చేదెక్కింది గానీ కాలు సాగలేదు.

ఒక పొద్దున మేక పోలి గోడ మీద కాళ్ళు ఆనించి గట్టు వైపు తొంగి చూసింది.

"వదినోయ్! మన వైద్యుడు ఆ గరికలోనే పొర్లుతున్నాడు. ఎలుకల్ని పట్టి పట్టి మింగుతున్నాడు. మన గిట్టల చప్పుడు లేదుగా, అవి కూడా కలుగులు వదిలి షికార్లు చేస్తున్నాయి."

సింగారి నెమరు ఆగిపోయింది. వెళ్ళి వాణ్ణి ఎత్తి కుదేయాలనిపించింది. కాళ్ళేవీ? తిట్టిపోస్తే వాడింకో అబద్ధం అల్లుతాడు. ఎద్దు వీరన్నను పిలిచి చెవిలో ఏదో చెప్పింది.

గవరయ్య లోపలికి రాగానే వీరన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యో తమ్ముడూ, రోజూ ఆ గాలిలోనే తిరుగుతున్నావటగా!" అంది సింగారి. "దూరాన ఉన్న మాకే ఇంత పట్టేస్తే నీకెంత ముదిరిందో! ఇక్కడే పడుకో. తొట్టి నిండా వేపనీళ్ళున్నాయి, అన్నీ నీకే."

"నాకేం రోగం అక్కా? గుండ్రాయిలా ఉన్నాను!"

"పైకి కనపడదు, లోపల ముదురుతుంది అని నువ్వేగా మాకు చెప్పావు," అంది పోలి. "వీరన్న బావా, మూతి ముంచెయ్!"

వీరన్న కొమ్ములు వంచి వాణ్ణి తొట్టి దాకా నెట్టాడు. మూతికి చేదు తగలగానే గవరయ్య వైద్యమంతా మరిచిపోయాడు.

"వద్దు బాబోయ్! ఆ గాలిలో ఏ రోగమూ లేదు! ఆ నీడలో, ఆ పచ్చికలో తిరగబట్టే ఇలా ఉన్నాను! నా బొచ్చు చూడండి, ఎలా మెరుస్తోందో!"

"చూశాం నాయనా," అంది సింగారి. "ఇన్నాళ్ళకు అసలు మందు చెప్పావు. పద, పెట్టిన నోటితోనే ఆ కంప లాగెయ్."

ముళ్ళు గుచ్చుకుంటుంటే కుయ్యోమంటూ లాగాడు గవరయ్య. సింగారి కుంటుకుంటూ గట్టెక్కింది. రోజూ తిరగ్గా తిరగ్గా మోకాళ్ళు సడలాయి, కంటి నిండా నిద్ర వచ్చింది, దూడ మూతి నిండా పాలనురగ. గిట్టల చప్పుడికి ఎలుకలు కలుగుల్లో దూరాయి. వాచిన మూతి వేసుకుని గవరయ్య వేరే కొట్టం వెతుక్కుంటూ పోయాడు.

ఒళ్ళు బాగుండాలంటే ముందు పచ్చటి చోటుకు దారి తెరవండి. ఆ దారి మూసేవాడి చేతి మందు పిల్లికి కూడా పోయకండి.