గేదెల కథకు ఉపోద్ఘాతం

సోమవరం రాజు మల్లభూపతికి కొలువులో ఆవలింతలు ఎక్కువ. ఉద్యోగులు వచ్చి వానలనీ పంటలనీ ఏకరువు పెడుతుంటే కళ్ళు మూతలు పడేవి. ఒకనాడు కునికిపాట్లలో కిరీటం జారి ఒళ్ళో పడింది. ఉలిక్కిపడి లేచి, "ఇకమీదట నా కొలువులో ఎవరు ఏ సంగతి చెప్పినా కథలా చెప్పాలి!" అని ఆజ్ఞ వేశాడు.

రాజు ఔనంటే ఔనౌననేవాడు ఒకడు ఉండనే ఉంటాడు. ఇక్కడ వాడు శరభేశ్వర పండితుడు. బిరుదు కథాకంఠీరవుడు. ఎవరిచ్చారని అడిగితే ఆకాశం వైపు చూసేవాడు.

"ప్రభూ, విషయం ముందే చెప్పేవాడు పామరుడు. ఉపోద్ఘాతం ఉండాలి, వర్ణన ఉండాలి. కథ మధ్యలో ఆపమన్నవాడి ఉద్యోగం ఊడాలి" అన్నాడు పండితుడు. రాజు సరేనన్నాడు.

ఇక చూడండి ఆ కొలువు భాగ్యం! పాలు విరిగాయని చెప్పడానికి వంటవాడు క్షీరసాగర మథనం నుంచి ఎత్తుకున్నాడు. రాజమాతకు జలుబు చేసిందని చెప్పడానికి వైద్యుడు హిమాలయాలెక్కి దిగేసరికి ఆవిడకు జలుబు తగ్గిపోయింది. కథతో బాగా ఏడిపించినవాడికి పెద్ద ఉద్యోగం, పని తెలిసినవాడికి చీవాట్లు. దాంతో ఊరు ఊరంతా పండితుడి అరుగు మీద కథలు నేర్చుకోవడానికి చేరింది.

ఒకరోజు తలారి యల్లమంద పరుగున వచ్చి, "ప్రభూ, గుర్రపుశాల కప్పు కూలుతోంది!" అని అరిచాడు.

"ఉపోద్ఘాతమేదిరా?" అన్నాడు పండితుడు.

తలారి మళ్ళీ కప్పు సంగతే అరిచాడు. అక్కడికక్కడే ఉద్యోగం ఊడింది. గుర్రాలు మాత్రం తాళ్ళు తెంచుకుని బయటపడ్డాయి. వాటికి కథలు రావు గనక బతికిపోయాయి.

ఇదంతా సింహాసనం పక్కనే నిలబడి రంగసాని చూస్తూనే ఉంది. రాజుకు తాంబూలం చుట్టి ఇచ్చే అడపం పని ఆమెది. అమ్మమ్మ నాటి నుంచీ ఆ ఇంటి ఆడవాళ్ళదే ఆ పని. పండితుడి కన్ను ఇప్పుడు ఆ పని మీద పడింది. ఆయనకో మేనకోడలు ఉంది మరి.

"రేపు రంగసాని కూడా ఒక సంగతి కథగా చెప్పాలి. చేతకాకపోతే అడపం దించి వెళ్ళాలి" అన్నాడు. రాజు తల ఊపాడు. రంగసానికి ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఎప్పటిలాగే ఆకుల కోసం పండితుడి తమలపాకు తోటకు వెళ్ళింది. దడి తలుపు బార్లా తీసి ఉంది. తీగలు పాకించిన అవిసె చెట్ల కోసం గేదెల మంద లోపల పడింది. కాపలావాడు ఒక్కడూ లేడు. పాపం, ఎంతైనా తోట తోటే కదా అని ఆమె పండితుడి ఇంటికి పరుగెత్తింది.

"అయ్యవారూ! మీ తోటలో..."

"ఆగు! విషయంతోనే మొదలా? ఛీ!" అన్నాడు పండితుడు.

"అది కాదండీ, ఇప్పుడు వినకపోతే..."

"కొలువులో వింటాను. తొందరపడితే కథ చెడుతుంది. వెళ్ళు."

ఆయనకు లేని తొందర నాకెందుకు అనుకుంది రంగసాని. నింపాదిగా వెళ్ళి కొలువులో నిలబడింది.

"అనగనగా ఒక తోట ప్రభూ..."

"వర్ణన!" అన్నాడు పండితుడు మీసం దువ్వుతూ.

"చల్లని నీడ, పచ్చని ఆకులు. దాని యజమాని గొప్ప పండితుడు."

"భేష్! ఇప్పుడు ఆపద రావాలి."

"వచ్చిందండీ. దడి తలుపు తీసే ఉంది. గేదెలు వచ్చాయి."

"కాపలావాళ్ళేమయ్యారు? కారణం లేని కథ కథ కాదు!"

"యజమాని అరుగు మీద కథలు నేర్చుకుంటున్నారండి."

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. పండితుడి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"ఏ... ఏం తోట అది?"

"అవిసె చెట్లు, వాటికి తమలపాకు తీగలు. వర్ణనలో తర్వాత వస్తాయండి. ముందు ఆ గేదెల వంశచరిత్ర చెప్పనివ్వండి. వాటి ముత్తాత ఒక దున్న..."

"ఎవరి తోటే అది?"

"యజమాని పేరు చివర్లో చెబితేనే రక్తి కడుతుందని మీరేగా నేర్పారు! ఆ దున్న బాల్యంలో ఎన్నో కష్టాలు పడింది ప్రభూ. ఒకనాటి వానలో..."

పండితుడు ఇక కూర్చోలేడు, లేవలేడు. చివరికి గొంతు చించుకున్నాడు.

"కథ ఆపి అసలు సంగతి చెప్పవే!"

రంగసాని చేతులు కట్టుకుని నెమ్మదిగా అంది:

"అసలు సంగతి పొద్దున్నే చెప్పడానికి వచ్చానండి. ఉపోద్ఘాతం లేదని తమరే పంపేశారు!"

పండితుడు ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా తోట వైపు పరుగు తీశాడు. కథ ఆపమన్నాడు గనక ఆయన పెట్టిన నియమం ప్రకారమే ఆయన ఉద్యోగం ఊడింది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులోనే గుర్రపుశాల గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డాడు కూడా. యల్లమందను పిలిపించి మళ్ళీ తలారిని చేశాడు.

"సరేగానీ రంగసానీ, తాంబూలం ఇవ్వు" అన్నాడు.

"ఆకులు లేవు ప్రభూ."

"ఏం?"

"గేదెలు తొక్కేశాయి."

ఉపోద్ఘాతం లేదు, వర్ణన లేదు, అయినా రాజుకు సంగతంతా అర్థమైంది.

"ఆహా! ఇన్నాళ్ళకు నా కొలువులో ఒక మంచి మాట విన్నాను!" అని మెడలోని ముత్యాలహారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. కొలువంతా గొల్లున నవ్వింది. ఆ రోజు రాజుగారు ఒక్కసారి కూడా ఆవలించలేదు.