చెప్పులు ఇంటికొచ్చాయి

చయనులుగారు శిష్యుల పద్యాలను నోటితో మెచ్చుకునే మనిషి కాదు. పద్యం కుదిరిందనిపిస్తే తన తమలపాకుల పెట్టె శిష్యుడి వైపు జరిపేవారు. కుదరకపోతే వీధిలోకి చూసేవారు. ఆ పెట్టె కోసం విస్సన్న ఎన్నేళ్ళుగానో పడిగాపులు పడ్డాడు.

దసరా సభలో అతను చదివిన పద్యానికి ఊరు ఊరంతా లేచి నిలబడింది. శాలువా కప్పారు. బళ్ళో పిల్లలు సైతం రాగం కట్టి పాడుకున్నారు. పై నెలలో జమీందారుగారి ఎదుట చదవమని కబురు కూడా వచ్చింది. గురువుగారు మాత్రం విని, పెట్టె మూత వేసి, లోపలికి వెళ్ళిపోయారు. విస్సన్నకు కంటి మీద కునుకు లేదు. ఆయన చేత ఔననిపించుకోకుండా జమీందారు గడప ఎలా తొక్కుతాడు?

చివరికి ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు. "తప్పెక్కడుందో సెలవియ్యండి గురువుగారూ. యతి తప్పిందా? గణం చెడిందా?"

"ఛందస్సుకేం, దిట్టంగా ఉంది" అన్నారాయన ఉత్తరీయం సవరించుకుంటూ. "పద, సూరాయమ్మ ఇంటికి వెళ్ళొద్దాం. ఇవాళ వాళ్ళ కుర్రాడు పోయి ఏడాది."

సూరాయమ్మ ఊళ్ళో పాలు పోసే మనిషి. ఆమెకు ఒక్కడే కొడుకు, గవర్రాజు. గేదెల్ని కడగడానికి కాలవలో దిగి కొట్టుకుపోయాడు. గట్టు మీద విడిచిన కిర్రు చెప్పుల్ని ఎవరో ముందు తెచ్చి ఇంట్లో పెట్టారు. మనిషి దొరికింది మర్నాడు. ఆ చెప్పుల్ని ఒళ్ళో పెట్టుకుని, "చెప్పులు ఇంటికొచ్చాయి, కాళ్ళేవిరా నాయనా" అని ఆ తల్లి శోకాలు పెడుతుంటే విన్నవాళ్ళ గుండెలు చెరువయ్యాయి. పరామర్శకు వెళ్ళిన విస్సన్న కూడా ఏడ్చాడు, అబద్ధమెందుకు? కానీ ఏడుస్తూనే, కుడిచేతి బొటనవేలితో వేళ్ళ కణుపుల మీద గణాలు లెక్కపెట్టుకున్నాడు. కవుల చేతికి అదో జాడ్యం. ఆ మాట తేటగీతిలో చక్కగా ఒదిగింది. సభలో అందర్నీ లేపి నిలబెట్టిన పద్యం అదే.

వాళ్ళు వెళ్ళేసరికి ఇరుగమ్మా పొరుగమ్మా చేరి ఉన్నారు. చెప్పులు చూరు కింద చిలక్కొయ్యకు వేలాడుతున్నాయి. సూరాయమ్మ తలెత్తి వాటిని చూసింది. ఆమె గొంతులోంచి "చెప్పులు ఇంటికొచ్చాయి..." అని వచ్చిందో లేదో, వాకిట్లో ఆడుకుంటున్న పిల్లలు మిగతాది అందుకుని, రాగం తీసి, పద్యం చివరిదాకా లాగించేశారు. ఎవరో ఉష్ అని అదిలించారు. సూరాయమ్మ నోరు అలాగే ఆగిపోయింది.

ఆమె పైట చెంగుతో మొహం తుడుచుకుని లేచి, వచ్చినవాళ్ళకు పీటలు వాల్చింది. విస్సన్నను చూసి నవ్వబోయింది కూడా.

"బాగా కట్టారంట గదా బాబుగారూ. ఊరంతా అదే చెప్పుకుంటన్నారండి."

విస్సన్న తల వంచుకున్నాడు.

"మొన్న రేవు కాడ వాడు గుర్తొచ్చి ఆ మాటే అనుకుని ఏడుత్తా ఉంటే, నీక్కూడా వచ్చేసిందేమే విస్సన్న పంతులుగారి పద్యం, అని నవ్వారండి. నాదేనని చెప్పడానికి సిగ్గేసిందండి. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా సరే, ఆ మాట అంటే పద్యం చదువుతున్నట్టే ఉంటంది. ఏడుపు రావట్లేదండి." చెయ్యి చాచినంత పని చేసింది. "ఇంకో మాటేదన్నా ఉంటే చెప్పండి బాబూ. ఏడుచుకుంటాను."

ఎవరేం అడిగినా ఆశువుగా పద్యం అందుకోగలడు విస్సన్న. కానీ ఆమెకున్న ఒక్క మాటనూ తనే ఎత్తుకుపోయాడు, మరోటి ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇచ్చిన మజ్జిగ గ్లాసు అలాగే పెట్టేసి లేచాడు.

తిరిగి వస్తుంటే కాలవగట్టు మీద అతనికి దుఃఖం ఆగలేదు.

"ఆ పద్యం ఇక జన్మలో చదవను. జమీందారు సభకూ వెళ్ళను" అన్నాడు.

"నువ్వు మానెయ్యగలవు" అన్నారు చయనులుగారు. "పిల్లలు మానరుగా."

ఆ మాటకు విస్సన్న మరీ కుంగిపోయాడు. కొంతదూరం కళ్ళు తుడుచుకుంటూ నడిచి అన్నాడు. "తల్లి కంటి నీటితో నా పేరు కడుక్కున్నాను గురువుగారూ. ఏ నీట కడిగితే ఈ చెయ్యి శుభ్రపడుతుంది?"

చయనులుగారు నడక ఆపి, శిష్యుడి మొహం వైపు కాక చేతి వైపు చూశారు. కుడిచేతి బొటనవేలు కణుపు మీంచి కణుపు మీదికి మెల్లగా జరుగుతోంది. ఆ సంగతి విస్సన్నకే తెలియదు.

ఆయన ఆ వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుని మూసేశారు.

"ఇదొక్కటైనా పద్యం కాకుండా ఉండనీ, నాయనా."