కుళ్ళిన తమలపాకుల శాసనం

మణిగిరి రాజు వీరభోజుడు దంతంతో కొత్త రాజముద్ర చేయించుకున్నాడు. ఆనాటి నుంచి ఆయన చేతులు ఊరుకోవడం లేదు. ఏ పత్రం కనబడినా టప్పున గుద్దేయడమే. చదవడానికి మాత్రం మహా బద్ధకం.

ఈ సరదాని కనిపెట్టినవాడు ఆస్థాన న్యాయాధికారి విరూపాక్షశాస్త్రి. వర్తక శాసనంలో మార్పులు రాసేది ఆయనే. చాటుగా తమలపాకుల వ్యాపారం చేసేదీ ఆయనే.

తన ఆకుల మోపులు ఏరు దాటించడానికి శాస్త్రి పడవ నడిపే నూకాలుతో ఒప్పందం రాసుకున్నాడు. వరదొస్తే నష్టం సరుకు యజమానిదేనని అప్పటి శాసనం. ఆ ధైర్యంతోనే ఆమె వేలిముద్ర వేసింది. వరద రానే వచ్చింది, ఆకులు కుళ్ళిపోయాయి. వెంటనే శాస్త్రి ఆ నష్టం పడవవాళ్ళదేనని శాసనం మార్చేసి, రాజుగారి చేత ముద్ర గుద్దించాడు. పరిహారంగా పడవ ఇప్పించమని సభకెక్కాడు.

పడవ పోతే పిల్లలకు గంజి కూడా దొరకదని నూకాలు ఏడ్చింది. రాజుకు జాలేసింది, కానీ అడ్డం పడింది తన ముద్రే. ముద్ర పరువు పోకుండా పడవను కాపాడగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని సభను అడిగాడు.

శాస్త్రి పొగరంటే మొదటినుంచీ ఒళ్ళుమంట ఉన్న పోలన్న లేచాడు. కొలువులో నలుగురినీ నవ్వించడం అతని ఉద్యోగం. ముందు ఒప్పందం చదవమన్నాడు.

శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. “నష్టమెవరిదో శాసనం ప్రకారమే తేల్చవలెను. శాసనం అనగా, ఎప్పటికప్పుడు చేసిన మార్పులతో సహా, తీర్పు చెప్పే ఘడియకు అమల్లో ఉన్న వర్తక శాసనం.”

“తీర్పు ఇంకా చెప్పలేదు కదండీ?”

లేదన్నాడు శాస్త్రి, విసుగ్గా.

పోలన్న అక్కడే కూర్చుని నాలుగు ముక్కలు గీకి రాజుగారి ముందు పెట్టాడు. ఆయన అలవాటు కొద్దీ టప్పున గుద్దేశాడు. అప్పుడు పోలన్న తాపీగా చదివి వినిపించాడు.

“వరదలో పాడైన ఆకులను సరుకు యజమాని నిండు సభలో, సున్నమూ వక్కా లేకుండా, చివరి ఆకు దాకా నమిలి మింగవలెను.”

సాక్ష్యానికని శాస్త్రే తెప్పించిన మోపులు గుమ్మం దగ్గర గుప్పున కంపు కొడుతున్నాయి. భటులు ఒక మోపు విప్పి ఆయన ముందు పెట్టారు. శాస్త్రి ముక్కు మూసుకున్నాడు.

“ఇది అన్యాయం ప్రభూ. ఒప్పందం రాసుకున్నాక పుట్టిన మార్పు నా నెత్తిన రుద్దడమేమిటి? రాసుకున్ననాటి శాసనమే చెల్లాలి!”

పోలన్న చేతులు జోడించాడు.

“నూకాలు తరఫున శాస్త్రిగారు ఎంత బాగా వాదించారో విన్నారుగా ప్రభూ. ఇక తీర్పు చెప్పండి.”

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కొత్త మార్పులేవైనా ఇకమీదట రాసుకునే ఒప్పందాలకేనని తీర్పు చెప్పి, పడవ నూకాలుదేనన్నాడు. తన చేతి కంకణం తీసి పోలన్నకు తొడిగాడు.