మనీప్లాంట్ ఎందుకు మాడిపోయింది

పైడితల్లి, నాలుగేళ్లది. మొక్కకి నీళ్లు పోసే ముందు మట్టిలో ముక్కు దూర్చి చూడడం ఆమె అలవాటు. తడి తగిలితే పోయదు, పొడిగా ఉంటే పోస్తుంది. జాతికి కుక్క. మొగుడి పేరు సింహాద్రి. ఆయనా కుక్కే, పేరు చూసి మోసపోవద్దు.

వాళ్లు కాపురం ఉన్నది అడవి అంచున మనుషులు వదిలేసి పోయిన ఓ పాత బంగ్లాలో. మనుషులు పోతూ పోతూ కుర్చీలూ మంచాలూ పట్టుకుపోయారు. వరండాలో మొక్కల కుండీల్నీ, హాల్లో ఒక పింగాణీ పూలకూజానీ మర్చిపోయారు. తర్వాత జంతువులు చేరి గదులు పంచుకున్నాయి. హాలు సింహాద్రిది. మేడమీద కిటికీ గది పిల్లి నూకాలమ్మది. మెట్ల కింద నక్క పెద్దయ్య ఉంటాడు. ఏది ఆచారమో ఏది కాదో చెప్పేది ఆయనే, చెప్పినందుకే ఆయనకి తిండి. పోర్టికోలో ముసలి ఎద్దు ఉంటాడు. తగవొస్తే తీర్పు ఆయనది. నెమరు పూర్తయ్యాక గానీ తీర్పు బయటికి రాదు.

సింహాద్రి అప్పుడప్పుడూ రోడ్డవతల తోటలో జొరబడి నాలుగు లిల్లీపూల కాడలు నోట కరుచుకొచ్చి హాల్లో పడేసేవాడు.

"పెళ్లామంటే ఎంత ప్రేమో చూశారా!" అని బంగ్లా అంతా మెచ్చుకునేది.

ప్రేమ అక్కడితో అయిపోయేది. మిగతాది పని. కాడల చివర్లు ఏటవాలుగా కొరికేది పైడితల్లి. నీళ్లలో మునిగే ఆకులు కుళ్లిపోతాయని ముందే పీకేసేది పైడితల్లి. రోజూ పాత నీళ్లు ఒంపేసి, కొబ్బరిచిప్ప నోట కరిచి బావి దగ్గర్నుంచి కొత్త నీళ్లు తెచ్చేది పైడితల్లి. కోతులు అరటిపళ్లు తెచ్చి కూజా పక్కన పెడితే, మగ్గే పళ్ల దగ్గర పూలు తొందరగా వాడతాయని దూరంగా నెట్టేది కూడా ఆమే. అందుకని పూలు చాలా రోజులు నిలిచేవి.

"ఏం పూలు తెస్తాడమ్మా సింహాద్రి!" అనేవారు.

ముట్టు రోజుల్లో మాత్రం ఆమె వెనక మెట్ల మీద కూర్చోవాలి. ఆ రోజుల్లో ఆడది తాకితే మొక్క మాడుతుంది, పువ్వు వాడుతుంది అని నక్క పెద్దయ్య చెప్పాడు. ఆమె తాకేది కాదు. ఇంకెవరికీ కూజాలో నీళ్లు మార్చాలన్న ఆలోచన వచ్చేది కాదు. నీళ్లు జిగురెక్కి కంపు కొట్టేవి, పూలు తల వాల్చేవి.

"చూశారా, దాని గాలి తగిలింది" అన్నాడు నక్క.

"నేను ముట్టుకోలేదు పెద్దయ్యా. ముట్టుకోలేదు కాబట్టే వాడాయి."

"ఎదురు మాట్లాడితే ఇంకా తొందరగా వాడతాయమ్మాయ్."

వరండాలో అన్నిటికంటే పెద్ద కుండీ మనీప్లాంట్‌ది. ఆ తీగ పచ్చగా ఉన్నంతకాలం బంగ్లా పచ్చగా ఉంటుందని అందరి నమ్మకం. ఒకసారి దాని ఆకుల అంచులు పసుపెక్కాయి. తర్వాత కాలినట్టు గోధుమరంగు తిరిగాయి. పైడితల్లి మట్టిలో ముక్కు పెట్టింది, తుమ్మింది, తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్లింది.

"ఏమయ్యా, కుండీలో కాలెత్తింది నువ్వేనా?"

"గుర్తు పెట్టుకున్నా. నా ఇల్లు, నా కుండీలు. నావని నలుగురికీ తెలియొద్దా?"

"రోజూ పెడుతున్నావు. ఆ ఉప్పంతా మట్టిలోకి దిగి వేర్లు మాడుతున్నాయి. ఎన్ని చిప్పల నీళ్లు పోసి కడిగినా పోవడం లేదు."

"మగాడి గుర్తుకే మాడిపోతే అదేం మొక్కే? పో, పిల్లలు పాలకి ఏడుస్తున్నారు."

పైడితల్లి పచ్చగా మిగిలిన ఒక తీగముక్కని కణుపు కింద కొరికి తీసుకెళ్లి, నూకాలమ్మ కిటికీలో సీసా నీళ్లలో పెట్టింది. వేర్లు దిగాక చిన్న కుండీలోకి మార్చింది. ఆకు మీద దుమ్ము పడితే నాకి తుడిచేది. కింద పెద్ద తీగ మాడుతుంటే పైన చిన్న తీగ కొత్త ఆకులు వేసింది.

చివరికి పెద్ద తీగ చచ్చింది. కోతులకి ఆ వారం పళ్లు దొరకలేదు. అదీ ఇదీ కలిపి నక్క పెద్దయ్య సభ పిలిపించాడు.

"ముట్టులో కుండీ తాకిన ఆడది ఇంట్లో ఉండకూడదు. పిల్లల్ని తీసుకుని కంచె అవతల షెడ్డులో ఉండాలి. రేపు సభలో తేలుస్తాం" అన్నాడు.

కంచె అవతల చిరుత తిరుగుతుంది. పోయిన చలికాలం ఒక ఆడకుక్కని ఇలాగే పంపారు. తెల్లారి చూస్తే గడ్డి మీద ఈడ్చిన చార ఉంది, ఆమె లేదు. "ఎటో వెళ్లిపోయుంటుంది" అన్నాడు నక్క. అందరూ సరే అన్నారు. పైడితల్లి పిల్లలు ఇంకా పాలు మానలేదు.

"రేపు ఏం చెబుతావు వదినా?" అని అడిగింది నూకాలమ్మ.

"నిజం చెబుతా. కుండీ వాసన చూడమంటా."

"ఈ బంగ్లాలో ముక్కు లేనిదెవరే? ఇన్నాళ్లూ వరండాలో నడుస్తున్న వాళ్లకి తెలీదా? తెలుసు. నోరు విప్పరు, అంతే."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"మీ ఆయనకి నిజం చెప్పడం చేతకాదు. గొప్పలు చెప్పడం బాగా వచ్చు. దాని సంగతి చూడు."

మర్నాడు సభ చేరింది. ఎద్దు నెమరేస్తూ కూర్చున్నాడు. మాడిపోయిన కుండీ మధ్యలో పెట్టారు.

"అమ్మాయ్, ముట్టుకున్నావా?" అడిగాడు నక్క.

"లేదు. ఒక్కసారి మట్టి వాసన చూడండి పెద్దయ్యా."

ముందు వరసలో పంది తల పక్కకి తిప్పుకుంది. కోతులు పేలు చూసుకోవడం మొదలెట్టాయి. సింహాద్రి తమ్ముళ్లు, ఒకరి వెనక ఒకరికి జలుబు చేసినట్టు ముక్కులు చీదారు.

"నాకేం రావడం లేదే" అన్నాడు నక్క. "సింహాద్రీ, నీ మాటేమిటి?"

"పెద్దలు ఎలా అంటే అలా. షెడ్డుకి పంపినా నాకేం అభ్యంతరం లేదు."

ఆ మాట విని పైడితల్లి కాసేపు అతని మొహంలోకి చూసింది. తర్వాత ఎద్దు వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"సరే తాతా. నాది చెడ్డ చెయ్యే అనుకోండి. కానీ ఈ ఇంట్లో మంచి చెయ్యి కూడా ఉంది. అది చూపించకుండా పోతే నాకు పాపం. నూకాలూ, తే."

నూకాలమ్మ చిన్న కుండీని మెట్టుమెట్టుకీ దించుకుంటూ తెచ్చింది. ఆకులు మెరుస్తున్నాయి. సభ అంతా ముందుకి వంగింది.

"అబ్బ, ఏం కళ! ఎవరు పెంచారిది?" అంది పంది.

"నేనెందుకు చెప్పాలి? గుర్తు ఎవరిదైతే మొక్క వాళ్లది కదా. ఆ పెద్దమనిషికి అందరూ ఒక నమస్కారం పెట్టాలి" అంది పైడితల్లి.

సింహాద్రి అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఇంకెవరిది? నాదే! నా గుర్తు లేని కుండీ ఈ బంగ్లాలో ఒక్కటంటే ఒక్కటి లేదు. పొద్దున లేస్తే వరండా చుట్టూ తిరిగి ప్రతి కుండీలో నా చేత్తో..."

"చేత్తోనా?" అంది నూకాలమ్మ.

ఎద్దు నెమరు ఆపాడు. "ప్రతి కుండీలోనా నాయనా? ఈ మాడిపోయిందాంట్లో కూడా?"

"దాంట్లో అన్నిటికంటే ఎక్కువ తాతా! పెద్ద కుండీ కదా. రోజుకి రెండు మూడుసార్లు."

"ఏం పోశావు?"

పిల్లకోతి ఒకటి కిసుక్కుమంది. ఆ నవ్వు వెనక వరసదాకా పాకింది. జలుబులన్నీ ఒక్కసారిగా తగ్గిపోయాయి, అందరికీ వాసన వచ్చింది.

"మరి ఈ చిన్న కుండీ కూడా చూడండి" అంది నూకాలమ్మ. "ఈయన గుర్తు దీనికి లేదు. నా కిటికీ మీదుంది ఇన్నాళ్లూ. అంత ఎత్తుకి ఈయన కాలు లేవదు."

ఎద్దు వాసన చూశాడు. లేదు. "ఎవరిదమ్మా అయితే?"

"నాది" అంది పైడితల్లి. "ముట్టు రోజుల్లో కూడా నేనే చూశాను. ఆ రోజుల్లోనే ఎక్కువ చూశాను. అప్పుడు ఇంకే పనీ చెప్పరు కదా, తీరిక."

నక్క గొంతు సవరించుకున్నాడు. ఆయన తిండి ఆ గొంతులోనే ఉంది.

"గుర్తు పెట్టడం మగకుక్క ధర్మం. తట్టుకోలేకపోవడం మొక్క తప్పు. ఇందులో సింహాద్రిని అనడానికేం లేదు."

ఎద్దు చాలాసేపు నెమరేశాడు. పొద్దు వాలుతుంటే తీర్పు చెప్పాడు.

"అమ్మాయి షెడ్డుకి వెళ్లనక్కర్లేదు. కుండీలన్నీ ఎత్తు అరుగు మీద పెట్టించండి, సింహాద్రి కాలికి అందకుండా. ఆచారం మాత్రం ఆచారమే. ఆ రోజుల్లో దూరంగా ఉంటే ఎవరికీ బాధ లేదు."

"కుండీలు ఎవరు ఎత్తుతారు తాతా?" అంది నూకాలమ్మ.

ఎద్దు వింతగా చూశాడు. "పైడితల్లి ఉందిగా."

సింహాద్రి చాలా రోజులు వరండాలోకి రాలేదు. వస్తే కోతులు కాలెత్తి నిలబడి దండం పెట్టేవి. అంతకుమించి అతనికి శిక్ష పడలేదు. పోయిన చలికాలం షెడ్డుకి పంపిన ఆడకుక్క ఏ మొక్క చంపిందని పంపారో ఎవరూ అడగలేదు. ఆమె కుండీలో ఎవరు కాలెత్తారో కూడా.

ముక్కులున్న వాళ్లంతా వాసన రావడం లేదనే చోట న్యాయం అడిగి లాభం లేదు, తప్పు చేసినవాడి నోటితోనే కక్కించాలి.

పైడితల్లి కుండీలన్నీ అరుగు ఎక్కించింది. తన చెయ్యి తాకకపోతే ఏం మిగులుతుందో అందరూ చూడనీ అని, ఆ ఎండాకాలం మాత్రం ఒక్కదానికీ నీళ్లు పోయలేదు, నూకాలమ్మ కిటికీలో ఉన్నదానికి కూడా.